పాఠం చెప్పేవాళ్లున్నారు, అప్పజెప్పించుకునేవాళ్లేరీ?

సంక్రాంతికి మా అక్క వాళ్లింటికి వెళ్తే, మేడమీద గదిలో మా మేనల్లుడు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. బీటెక్ మూడో సంవత్సరం. క్రెడిట్లు కలుస్తాయని ఒక ఆన్‌లైన్ కోర్సు తీసుకున్నాడు. తెర మీద ప్రొఫెసర్‌గారు ఆపరేటింగ్ సిస్టమ్స్ చెబుతున్నారు. గొంతు మాత్రం వేలంపాట పాడుతున్నట్టు పరుగులు తీస్తోంది. వీడియోని 1.75 రెట్ల వేగంలో పెట్టాడట.

“ఏం పాఠంరా?”

“డెడ్‌లాక్ మామయ్యా. అయిపోవచ్చింది.”

“అర్థమైందా?”

“ఆఁ, చాలా బాగా చెప్పారు.”

ల్యాప్‌టాప్ మూత వేసేసి, “అయితే నాకు చెప్పు” అన్నాను. ఇరుకు వంతెన మీద అటొక లారీ ఇటొక లారీ ఎదురుపడితే రెండూ కదల్లేవు, కంప్యూటర్లో ప్రోగ్రాములు కూడా ఒక్కోసారి అలాగే ఇరుక్కుపోతాయి అన్నాడు. బాగానే ఉంది. ఎప్పుడు ఇరుక్కుంటాయి? “దానికి నాలుగు షరతులుంటాయి మామయ్యా” అని మొదటిది చెప్పాడు. రెండోది సగం చెప్పి పైకప్పు కేసి చూశాడు. చివరికి, “అర్థమైంది గానీ చెప్పడానికి రావట్లేదు” అనేశాడు.

మా చిన్నప్పుడు ఈ మాట చెల్లేది కాదు. ఎక్కమైనా, పద్యమైనా, సైన్సు పాఠమైనా చివరికి ఒకరి ముందు నిలబడి అప్పజెప్పాల్సిందే. పుస్తకం అవతలివాళ్ల చేతిలో ఉంటుంది, మన చేతులు కట్టుకుని ఉంటాయి. మాస్టారు పాఠం చెప్పడం సగం పని, మనం దాన్ని తిరిగి అప్పజెప్పడం మిగతా సగం. ఉన్నత విద్యలో ఆన్‌లైన్ చదువుల మీద వచ్చిన పరిశోధనలు చదువుతుంటే నాకు పదేపదే గుర్తొచ్చింది ఈ పాత పద్ధతే. సాంకేతికత మొదటి సగాన్ని ఊళ్లు దాటించింది, దేశాలు దాటించింది. రెండో సగం దారిలో ఎక్కడో జారిపోయింది.

మూకలు మూకలుగా

2011 చివర్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్ అనే ఇద్దరు తమ కృత్రిమ మేధ పాఠాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. 190 దేశాల నుంచి సుమారు 1,60,000 మంది పేర్లు రాయించుకున్నారు. మరుసటి ఏడాది ఎంఐటీ, హార్వర్డ్ కలిసి ఎడెక్స్‌ను ప్రారంభించాయి. దాని తొలి కోర్సు సర్క్యూట్లు, ఎలక్ట్రానిక్స్. దాన్ని ముందుండి నడిపింది మద్రాసు ఐఐటీలో చదువుకున్న అనంత్ అగర్వాల్. ఇలాంటి కోర్సులకు ‘మూక్’ అని పేరు పడింది. మన భాషలో మూక అంటే గుంపు కాబట్టి, పేరు పెట్టినవాళ్లకు తెలియకుండానే అచ్చ తెలుగులో కుదిరింది.

ఆ తొలి కోర్సుకు పేరిచ్చినవాళ్లు 1,54,763 మంది. చివరిదాకా నిలిచి సర్టిఫికెట్ అందుకున్నవాళ్లు 7,157. అంటే ఇరవై మందిలో ఒక్కరు కూడా పూర్తి చేయలేదు. మొదట్లో అలాగే ఉంటుంది, పోనుపోను మెరుగవుతుందని అందరూ అనుకున్నారు. ఎంఐటీ పరిశోధకులు ఇద్దరు ఆరేళ్ల కోర్సుల లెక్కలు తీసి 2019లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించారు. పూర్తి చేసినవాళ్ల శాతం పెరగలేదు సరికదా, 2017-18 నాటికి 3.13కి దిగింది. పేరు రాయించుకున్నవాళ్లలో 52 శాతం మంది ఒక్కసారైనా పాఠాల్లోకి తొంగి చూడలేదు.

ఈ అంకెల్ని పట్టుకుని ఆన్‌లైన్ చదువు దండగ అనేయడం తొందరపాటే. పుస్తక ప్రదర్శనకు వెళ్లి నాలుగు పుస్తకాలు తిరగేసి వచ్చేవాళ్లుంటారు. వాళ్లని ‘ఫెయిలైన పాఠకులు’ అనం కదా. ఒక్క అధ్యాయం కోసం వచ్చి, అది చూసుకుని వెళ్లిపోయేవాళ్లు మూక్‌లలోనూ ఉన్నారు. కానీ డిగ్రీకి లెక్కలోకి వచ్చే కోర్సు సంగతి అలా కాదు. మన దేశంలో ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి 2003లో ఎన్‌పీటీఈఎల్ పాఠాలు మొదలుపెట్టాయి. 2014 నుంచి వాటికి పరీక్షలు, సర్టిఫికెట్లు వచ్చాయి. 2017లో ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ వచ్చింది. 2021 నుంచి ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సుల్ని స్వయంలో చదివి క్రెడిట్లు తెచ్చుకోవచ్చని యూజీసీ అనుమతించింది. కాబట్టి పాఠం ఎంతమందికి చేరిందన్నది ఇప్పుడు పెద్ద ప్రశ్న కాదు. చేరినవాళ్ల బుర్రలోకి ఎంత ఎక్కిందన్నదే తేల్చాలి.

బండి సంగతి, సరుకు సంగతి

విద్యా సాంకేతికత పరిశోధకుల్లో ఒక పాత తగువు ఉంది. 1983లో రిచర్డ్ క్లార్క్ అనే అమెరికన్ పరిశోధకుడు ఒక వాదన లేవదీశాడు. రేడియో, టీవీ, కంప్యూటరు ఇవన్నీ పాఠాన్ని మోసుకొచ్చే బండ్లు మాత్రమేనని, కిరాణా సరుకులు ఏ లారీలో వచ్చాయన్న దాన్నిబట్టి మన ఒంటికి పుష్టి పట్టదని అతని వాదన. పాఠం ఎలా అల్లారు, విద్యార్థి చేత ఏం చేయించారు అన్నవే ఫలితాన్ని తేలుస్తాయన్నాడు. బండిని బట్టి చేయించగలిగే పనులు కూడా మారతాయని మరికొందరు ఎదురు తిరిగారు. తగువు ఇంకా తెగలేదు.

తెగకపోవడానికి ఒక కారణం, పోలిక కష్టం కావడం. ఆన్‌లైన్‌లో చదివేవాళ్లు వేరు, తరగతికి వెళ్లేవాళ్లు వేరు. ఉద్యోగం చేసుకుంటూ రాత్రి పదింటికి పాఠం వినే మనిషికీ, హాస్టల్లో ఉండి పొద్దున్నే క్లాసుకు వెళ్లే కుర్రాడికీ మార్కుల్లో తేడా వస్తే అది తెర చలవా, జీవితం చలవా? నిజం తేలాలంటే ఒకే రకం విద్యార్థుల్ని చీటీ వేసినట్టు రెండు జట్లుగా విడగొట్టి, ఒక జట్టును తరగతిలో, రెండో జట్టును తెర ముందు కూర్చోబెట్టాలి. మామూలు రోజుల్లో అందుకు ఏ కాలేజీ ఒప్పుకుంటుంది?

కోవిడ్ కాలం ఆ అవకాశం తెచ్చింది. 2020లో అమెరికా సైనిక కళాశాల వెస్ట్ పాయింట్‌లో ఆర్థికశాస్త్రం చదివే 551 మందిని అలా విడదీశారు. అధ్యాపకులు వాళ్లే, పాఠ్యాంశమూ పరీక్షా అవే. ఒక జట్టుకు గదిలో పాఠం, ఇంకో జట్టుకు ఆన్‌లైన్‌లో ప్రత్యక్ష పాఠం. చివరికి ఆన్‌లైన్ జట్టు వెనకబడింది. ఎంతంటే, వందమంది వరుసలో సరిగ్గా నడుమ నిలబడ్డ విద్యార్థి ఎనిమిది స్థానాలు కిందికి జరిగినంత. ఈ దెబ్బ అందరికీ సమానంగా తగల్లేదు. చేరేనాటికే చదువులో కాస్త వెనకబడి ఉన్నవాళ్లే ఎక్కువ నష్టపోయారు. మనసు నిలవలేదని, మాస్టారితోనూ తోటివాళ్లతోనూ బంధం కుదరలేదని చెప్పింది కూడా ఆన్‌లైన్ జట్టే.

ఇది ఒక్క చోటి ముచ్చట కాదు. కోవిడ్‌కు ముందే, వాషింగ్టన్ రాష్ట్రంలోని కమ్యూనిటీ కాలేజీల్లో 40,000 మందికి పైగా విద్యార్థుల రికార్డులు పరిశీలించిన ఇద్దరు పరిశోధకులకూ ఇదే ధోరణి కనిపించింది. ఆన్‌లైన్‌కు మారేసరికి దాదాపు అన్ని వర్గాలవాళ్లూ కొంత తగ్గారు. వయసులో చిన్నవాళ్లు, అబ్బాయిలు, నల్లజాతి విద్యార్థులు, అంతకుముందు తక్కువ మార్కులు వచ్చినవాళ్లు మరింత తగ్గారు. ఎవరికి చేయూత ఎక్కువ అవసరమో వాళ్లకే తెర తక్కువ అందిస్తోందన్నమాట.

దీనికి రెండో వైపు కూడా ఉంది. అమెరికా విద్యాశాఖ చేయించిన ఒక పెద్ద సమీక్షలో, తరగతినీ ఆన్‌లైన్‌నూ కలిపి నడిపిన చోట కేవలం తరగతిలో చెప్పినదాని కన్నా ఫలితాలు బాగున్నాయి. అయితే ఆ విద్యార్థులకు చాలాచోట్ల అదనపు సమయం, అదనపు అభ్యాసాలు దొరికాయని ఆ సమీక్షే జాగ్రత్త చెప్పింది. మళ్లీ క్లార్క్ మాట దగ్గరికే వచ్చాం. బండి కన్నా సరుకే ముఖ్యం. ఆ సరుకులో ఏముందో చూద్దాం.

తల ఊపడం వేరు, తలకెక్కడం వేరు

ఒక్క నిమిషం ఆగండి. వెనక్కి చూడకుండా చెప్పండి. ఎడెక్స్ తొలి కోర్సులో ఎంతమంది చేరారు, ఎంతమంది సర్టిఫికెట్ అందుకున్నారు? వెస్ట్ పాయింట్‌లో ఎక్కువ నష్టపోయింది ఎవరు?

చదువుతున్నప్పుడు అన్నీ తెలిసినట్టే ఉండి ఉంటాయి. అడిగేసరికి కొన్ని తడుముకుని ఉంటారు. ఆ తడుముకోవడం గుర్తుపెట్టుకోండి, అసలు కథ అక్కడే ఉంది.

2006లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికె ఒక చిన్న ప్రయోగం చేశారు. విద్యార్థులకు ఒక సైన్సు వ్యాసం ఇచ్చారు. ఒక జట్టు దాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో జట్టు ఒకే విడత చదివి, తర్వాత మూడుసార్లు కాగితం మూసేసి గుర్తున్నదంతా రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదువుతూ పోయినవాళ్లదే పైచేయి. వాళ్లకు 83 శాతం గుర్తుంటే, మూసి రాసినవాళ్లకు 71 శాతమే గుర్తుంది. అదే పరీక్ష వారం తర్వాత పెడితే కథ అడ్డం తిరిగింది. చదువుతూ పోయినవాళ్లు 40 శాతానికి పడిపోయారు. మూసి రాసినవాళ్లు 61 శాతం దగ్గర నిలబడ్డారు. విచిత్రం ఏమిటంటే, వారం తర్వాత మాకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా ఉన్నది పదేపదే చదివిన జట్టే.

దీన్ని మనస్తత్వ శాస్త్రంలో ‘పరీక్షా ప్రభావం’ అంటారు. నేను అప్పజెప్పడం అంటాను. గుర్తున్న దాన్ని వెతికి పైకి లాగే ప్రతిసారీ ఆ దారి కాస్త నలుగుతుంది, తర్వాతిసారి వెతకడం తేలికవుతుంది. పొలంలో కాలిబాట పడేది జనం నడిచినందువల్ల గానీ, గట్టున నిలబడి చూసినందువల్ల కాదు. మరి పాఠం వింటున్నప్పుడు ఎందుకు అర్థమైనట్టు ఉంటుంది? చెప్పేవాడు గడుసువాడైతే మాట జారుడుబల్ల మీద జారినట్టు సాగిపోతుంది. ఆ సాఫీతనాన్ని మన మెదడు జ్ఞానమని పొరబడుతుంది. మా మేనల్లుడు “చాలా బాగా చెప్పారు” అన్నది ప్రొఫెసర్‌గారి ప్రతిభకు కితాబు. వాడి చదువుకు కొలమానం కాదు.

బట్టీ చదువుల్ని మళ్లీ నెత్తికెత్తుతున్నానని అనుకోకండి. బట్టీలో పదాలే ఉంటాయి, దాన్ని నిద్రలో కూడా వల్లించవచ్చు. ఈ ప్రయోగాల్లో అడిగేది చూడకుండా, సొంత మాటల్లో, తిరగేసి బోర్లేసి చెప్పగలవా అని.

ఇదే సూత్రాన్ని వీడియో పాఠాల మీద పరీక్షించినవాళ్లున్నారు. 2013లో హార్వర్డ్ పరిశోధకులు 21 నిమిషాల గణాంకశాస్త్ర వీడియోను నాలుగు ముక్కలు చేసి, ముక్కకీ ముక్కకీ మధ్య చిన్న పరీక్ష పెట్టారు. అలా పరీక్షలు రాసినవాళ్ల మనసు పక్కదారి పట్టడం సగానికి సగం తగ్గింది. నోట్సు రాసుకోవడం దాదాపు మూడింతలైంది. ఎవరో అడగబోతున్నారని తెలిస్తే చెవి దానంతటదే నిక్కబొడుచుకుంటుంది. జార్జియా టెక్ వారి మనస్తత్వశాస్త్రం మూక్ లెక్కల్ని కార్నెగీ మెలన్ పరిశోధకులు 2015లో తిరగేశారు. వీడియోలు చూడటం, పాఠం చదవడం వల్ల కలిగే లాభం కన్నా, లెక్కలూ అభ్యాసాలూ స్వయంగా చేయడం వల్ల కలిగే లాభం ఆరు రెట్లు ఎక్కువని తేలింది.

వీడియో ఎంత నిడివి ఉండాలి? ఎడెక్స్‌లో 69 లక్షల వీక్షణల్ని గుదిగుచ్చిన 2014 నాటి అధ్యయనంలో, వీడియో ఎంత పొడవున్నా జనం దాని ముందు నిలిచింది మహా అయితే ఆరు నిమిషాలు. స్టూడియో హంగుల కన్నా బల్ల దగ్గర కూర్చుని మామూలుగా మాట్లాడినవి, స్లయిడ్ల కన్నా చేత్తో రాస్తూ చెప్పినవి జనాన్ని ఎక్కువసేపు కూర్చోబెట్టాయి. నల్లబల్ల మీద సుద్దముక్క నడుస్తుంటే కళ్లు దాని వెంట నడవడం మనకు కొత్త కాదు. కానీ కూర్చోబెట్టడం నేర్పడం కాదు. ఆరో నిమిషం తర్వాత ఏం అడుగుతారన్నదే ముఖ్యం.

గట్టిగా అనుకుంటే సరిపోతుందా?

లోపం విద్యార్థి పట్టుదలలో ఉందని చాలామంది నమ్మకం. పరిశోధకులూ కొన్నాళ్లు అలాగే నమ్మారు. ఏ రోజు ఎన్నింటికి చదువుతావో ముందే రాసిపెట్టుకో, ఈ చదువు నీకెందుకు ముఖ్యమో రెండు మాటలు రాసుకో. ఇలాంటి చిట్కాలు తొలి ప్రయోగాల్లో బాగా పనిచేశాయి. దాంతో హార్వర్డ్, ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్ కోర్సులు దాదాపు 250 తీసుకుని, రెండున్నరేళ్ల పాటు రెండున్నర లక్షల మందికి పైగా విద్యార్థుల మీద వాటిని ప్రయోగించి చూశారు. 2020లో ఫలితం వచ్చింది. ప్రణాళిక రాసుకున్నవాళ్లు మొదటి కొన్ని వారాలు చురుగ్గా ఉన్నారు. ఆ తర్వాత అందరితో పాటే జారిపోయారు. జనవరి ఒకటిన కొన్న డైరీ సంక్రాంతి దాటేసరికి ఏమవుతుందో మనకు తెలియనిదా? సంకల్పం మనిషిని మెట్టు ఎక్కిస్తుంది. పై మెట్టు మీద ఎవరో ఎదురుచూస్తుంటేనే మనిషి ఎక్కుతూ పోతాడు.

తెలుగు నేల మీది పాత పాఠం

ఈ సంగతి మనకు ఇంటర్నెట్ రాకముందే తెలుసు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లోనే పుట్టింది. మొదటి ఉపకులపతి జి. రామిరెడ్డి. ఆయనే 1985లో ఢిల్లీలో ఇగ్నోకు కూడా తొలి ఉపకులపతి అయ్యారు. ఆ విశ్వవిద్యాలయమే నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. బడి ముఖం చూడనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి ‘ఓపెన్ డిగ్రీ’లో చేరగలిగారు. పెళ్లితో చదువు ఆగిపోయిన ఇల్లాళ్లు, షిఫ్టు డ్యూటీల కార్మికులు, చిరుద్యోగులు తెలుగులో అచ్చయిన పాఠాలు చదువుకున్నారు. అయితే పాఠం పోస్టులో పంపించి చేతులు దులుపుకోలేదు. ఊళ్లోని కాలేజీల్లో అధ్యయన కేంద్రాలు పెట్టి, సెలవు రోజుల్లో తరగతులు నడిపారు. వారమంతా ఒంటరిగా చదివిన మనిషి ఆదివారం అక్కడికి వెళ్లి నోరు విప్పి అడిగేవాడు, అడిగించుకునేవాడు.

దూరవిద్యను, ఆన్‌లైన్ విద్యను కేవలం తరగతి గదితోనే పోల్చడం ఎందుకు సరికాదో కూడా ఇక్కడే కనిపిస్తుంది. ఆ ఇల్లాలికి ఎదురుగా ఉన్నవి తరగతీ తెరా అనే రెండు దారులు కావు. ఆమె ముందున్నవి ఈ చదువు, లేదంటే అసలు చదువు లేకపోవడం. జార్జియా టెక్ 2014లో సుమారు 7,000 డాలర్లకే కంప్యూటర్ సైన్స్ ఆన్‌లైన్ ఎంఎస్ మొదలుపెట్టినప్పుడు ఆర్థికవేత్తలు దీన్ని లెక్కగట్టి చూశారు. అందులో కొద్దిలో సీటు తప్పినవాళ్లు మరోచోట చేరతారనుకుంటే, చాలామంది ఎక్కడా చేరలేదు. అంటే ఆ కోర్సు వేరే కాలేజీల విద్యార్థుల్ని లాక్కోలేదు, చదువు ఆగిపోయేవాళ్లకు తలుపు తీసింది.

ఆ తలుపు దాకా రావడానికి దారి ఉండాలి మరి. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో ఇంటర్నెట్ సౌకర్యం ఉన్న ఇళ్లు పల్లెల్లో 14.9 శాతం, పట్టణాల్లో 42 శాతం. కంప్యూటరు ఉన్న ఇళ్లు పల్లెల్లో 4.4 శాతమే. ఆ తర్వాత ఫోన్లు, డేటా బాగా పెరిగాయి. కానీ అరచేతంత ఫోన్‌లో వీడియో చూడొచ్చు, ప్రోగ్రాము రాయడం నరకం. చూడటానికి పనికొచ్చే పరికరం చేయడానికి పనికిరాకపోతే, ఆరు రెట్ల లాభం ఇచ్చే పని ఆ విద్యార్థికి అందనట్టే.

అడిగే యంత్రం, చెప్పేసే యంత్రం

ఇప్పుడు కొత్త బండి వచ్చింది. చాట్‌బాట్ మాట్లాడుతుంది, అలసిపోదు, విసుక్కోదు. అది అప్పజెప్పించుకోగలదా? రెండు ప్రయోగాలు పక్కపక్కన పెట్టి చూడాలి. తుర్కియేలో దాదాపు వెయ్యిమంది హైస్కూలు విద్యార్థులకు లెక్కల సాధనలో మామూలు చాట్‌బాట్ ఇచ్చారు. సాధనలో వాళ్ల ఫలితం 48 శాతం మెరుగైంది. దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు చాట్‌బాట్ ముట్టనివాళ్ల కన్నా 17 శాతం వెనకబడ్డారు. జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా కట్టడి చేసిన చాట్‌బాట్ వాడినవాళ్లకు ఆ నష్టం దాదాపు లేకుండా పోయింది. మరోపక్క హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం అధ్యాపకులు, ఒక్కో మెట్టూ విద్యార్థి చేతే ఎక్కించేలా శ్రద్ధగా మలిచిన కృత్రిమ మేధ ట్యూటర్‌ను 194 మంది మీద పరీక్షించారు. మంచి తరగతిలో కన్నా తక్కువ సమయంలో ఎక్కువ నేర్చుకున్నారని తేలింది.

సాంకేతికత రెండు చోట్లా ఒకటే. ఒకటి జవాబు చేతిలో పెట్టింది, ఇంకొకటి జవాబు రాబట్టింది. పక్కవాడి రికార్డు చూసి దింపేసుకోవడానికీ, పక్కవాడితో కూర్చుని వాదించుకోవడానికీ ఉన్న తేడానే ఇది.

ఆ సాయంత్రం మా మేనల్లుడితో ఒక ఒప్పందం చేసుకున్నాను. వేగం మామూలుకు తేవాలి, ఆరేడు నిమిషాలకోసారి ఆపాలి, మూత వేయాలి, ఎవరికో ఒకరికి చెప్పాలి. “ఎవరికి చెప్పను? ఇక్కడ ఈ సబ్జెక్టు తెలిసినవాళ్లెవరూ లేరుగా” అన్నాడు. కింద వసారాలో మా అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంది. వెళ్లి అమ్మమ్మకు చెప్పరా అన్నాను.

వాడు నవ్వుతూనే దిగాడు. ఇరుకు వంతెన, రెండు లారీలు మొదలుపెట్టాడు. వంతెన మీద ఒకసారికి ఒక్క బండికే చోటని, ఎవరికి వాళ్లు సగం వంతెన పట్టుకుని మిగతా సగం కోసం కాచుకుంటారని చెప్పాడు. రెండు షరతులయ్యాయి. అమ్మ చిక్కుడుకాయ చేతిలోనే పట్టుకుని కాసేపు ఆలోచించింది.

“ఒకడు వెనక్కి తీస్తే పోతుంది కదరా. ఎవరూ వచ్చి తీయించరా?”

వాడు గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. “అదే! పట్టుకున్నదాన్ని బలవంతంగా వదిలించే దారి ఉండకూడదు. మూడో షరతు అదే అమ్మమ్మా!”

“బానే ఉంది” అంది మా అమ్మ, ఈనె తీస్తూ. “నాలుగోదేంట్రా మరి?”